మునిగి లేచిన పాట

మా ఇంట్లో ఒకే పాట రెండు చోట్ల రెండు రకాలుగా మోగుతుంది. వంటింట్లో అత్తగారి ఫోన్లో పాతది, పడగ్గదిలో నా ఫోన్లో కొత్తది. పాట ఒకటే, పాడిన మనిషీ ఒకతే. పాతికేళ్ళు నిండని రోజుల్లో ఒకసారి పాడింది, జుట్టు నెరిశాక మళ్ళీ స్టూడియోకి వెళ్ళి అదే పాటను ఇంకోసారి పాడింది. వెళ్ళిపోయినవాడి కోసం ఎదురుచూస్తూ పాడే 'తలుపు తీసే ఉంది' అనే ఆ పాట తెలియనివాళ్ళు మా వీధిలో లేరు. మిగతావాళ్ళంతా ఏది వినిపిస్తే అది విని హాయిగా ఉంటారు. మేమిద్దరం మాత్రం దాని కోసం కత్తులు దూసుకుంటాం.

నేను కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. డాక్టర్లు చిగుళ్ళ అచ్చులు తీసి పంపిస్తే వాటికి సరిపోయే పళ్ళు చేసి పంపడం నా పని. అత్తగారి కింది వరస నేను చేసిందే. అంటే ఆవిడ నన్ను తిట్టేది నేను చేసిపెట్టిన పళ్ళతోనే. "భలే కుదిరాయమ్మాయ్, ఒక్క మాట కూడా జారిపోవట్లేదు" అని మెచ్చుకుని మరీ తిడతారు. నాకూ ముక్కు మీదే ఉంటుంది కోపం. అందుకని మా ఇంట్లో నిశ్శబ్దంగా ఉందంటే ఇద్దరిలో ఒకరు ఊళ్ళో లేరని అర్థం.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా గొంతులు వింటూనే గడిచింది. ఎవరైనా ఫోన్లో హలో అంటే చాలు, ఈయన నిలబడి మాట్లాడుతున్నాడనో, ఈవిడ పక్కన ఎవరో ఉన్నారనో ఇట్టే చెప్పేస్తారు. అలాంటి చెవులున్న మనిషితో పాట గురించి వాదనకు దిగడం నాదే బుద్ధితక్కువ. కానీ దిగాను కదా, ఇక వెనక్కి తగ్గడం నా వల్ల కాదు.

పాత రికార్డింగులో ముందు గిటారు వస్తుంది. రెండో చరణానికి వయొలిన్లన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ అమ్మాయి ఎక్కడా నిలవదు. బస్సు కదిలిపోతుందేమోనని పరుగెత్తే మనిషిలా తాళం కన్నా ఒక అడుగు ముందే ఉంటుంది. 'త్వరగా వచ్చేయ్' అనే లైనును రెండుసార్లు పాడుతుంది, రెండోసారి ఇంకా పై స్థాయిలో. చివరి పల్లవికి ముందు సంగీతమంతా ఆగుతుంది, చిటికె వేసేంతసేపు, అంతే. ఢామ్మని డ్రమ్ము, మళ్ళీ అందరూ అందుకుంటారు.

కొత్తదాంట్లో పియానో ఒక్కటే. గొంతు కిందికి దిగింది, అంచులు కాస్త అరిగాయి. ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది, కుర్చీ కిర్రుమనడం వినిపిస్తుంది. 'త్వరగా వచ్చేయ్' అన్న లైను ఉండాల్సిన చోట పియానో మాత్రం మోగుతుంది, ఆవిడ నోరు విప్పదు. ఇక చివరి పల్లవికి ముందు వచ్చే మౌనం ఎంత పెద్దదంటే, మొదటిసారి విన్నప్పుడు పాట అయిపోయిందనుకుని నేను ఫోను పక్కన పెట్టేశాను. అప్పుడు ఒక ఊపిరి, ఆ వెంటనే ఏ వాద్యమూ తోడు లేకుండా ఆవిడ గొంతు. నాకు ఒళ్ళు జలదరించింది. ఎన్నిసార్లు విన్నా జలదరిస్తుంది.

"లైను మింగేసిందే అది," అన్నారు అత్తగారు మొదటిసారి నేను వినిపించినప్పుడు.

"మింగలేదత్తయ్యా, వదిలేసింది. ఆ వెళ్ళినవాడు రాడని ఆవిడకి తెలుసు. తెలిసినా తలుపు తీసి ఉంచింది. అదీ గొప్ప."

"జలుబు చేసింది దానికి. రెండో చరణం దగ్గర ముక్కు మూసుకుపోయింది, విను. జలుబు చేసినవాళ్ళంతా గొప్పవాళ్ళేనా?"

"మీకు అనుభవం విలువ తెలియదు."

తాతమ్మ కావలసిన వయసున్న మనిషిని పట్టుకుని నేనన్న మాట అది. మా ఆయన పేపరు వెనక్కి తల దించుకున్నాడు. అత్తగారు మాత్రం కోప్పడలేదు, పకపకా నవ్వారు.

"అన్నీ తెలిసినదాని గొడవ నాకెందుకే? దాన్ని రోజూ పొద్దున్నే అద్దంలో చూస్తూనే ఉన్నాను. ఏమీ తెలియని పిల్ల, వాడు వచ్చేస్తాడని గట్టిగా నమ్మి పాడుతుంది చూడు, అది వినాలనుంటుంది నాకు. నువ్వింకా ఏమీ చూడలేదు కాబట్టి ముసలి గొంతు ముద్దొస్తోంది."

 దానికి జవాబుగా నేను ఆ రోజంతా కొత్తదాన్నే మళ్ళీ మళ్ళీ పెట్టాను.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని ఆయనది. అమ్మ అడిగితే పాతదే బాగుందంటాడు, నేనడిగితే కొత్తదే బాగుందంటాడు, ఇద్దరం కలిసి అడిగితే నీళ్ళు నములుతాడు. దగ్గరిచూపు, దూరపుచూపు ఒకే అద్దంలో అమర్చడం ఆయన వృత్తి, ఇంట్లోనూ అదే చేస్తుంటాడు.

ఈ పాట యుద్ధం ఇంట్లోనే ఉంటే ఏ గొడవా లేకపోయేది. అది ఈతకొలనుకు పాకింది.

అత్తగారి మోకాళ్ళు పట్టేస్తుంటే నీళ్ళలో వ్యాయామం చేయమని డాక్టరు చెప్పాడు. ఒక్కరినే పంపడం ఎందుకని నేనూ వెళ్ళాను. అక్కడ ఆడవాళ్ళకు నేర్పే టీచరు మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది. అందరూ విజిల్ మేడమ్ అంటారు. ఆవిడ ఒకరోజు మా మీద కన్నేసి, "మీరు ఆరుగురూ పాటకి తగ్గట్టు నీళ్ళలో నాట్యం చేస్తే ఎలా ఉంటుంది?" అంది. కొలను వార్షికోత్సవానికి ఇంట్లోవాళ్ళంతా వస్తారు, వాళ్ళ ముందు చేయాలి. అత్తగారు, నేను, సిటీ బస్సు నడిపే ఆవిడ, మందుల షాపావిడ, ఇద్దరు అక్కచెల్లెళ్ళు. నాట్యం అన్నమాట వినగానే మోకాళ్ళ నొప్పులన్నీ ఎటో పోయాయి.

చేతులు పట్టుకుని గుండ్రంగా తిరగడం, వెల్లకిలా తేలి కాళ్ళు పువ్వులా విప్పడం, ఇవన్నీ మాకు బాగానే వచ్చాయి. అత్తగారైతే తేలడంలో మమ్మల్ని మించిపోయారు. మంచం మీద పడుకున్నట్టు నీళ్ళ మీద పడుకుని, పక్కవాళ్ళతో కూర గురించి మాట్లాడేవారు. చిక్కంతా చివరి ఘట్టంలో ఉంది. సంగీతం ఆగిన చోట అందరూ గుండెల లోతు నీళ్ళలో పూర్తిగా మునగాలి. కొలను పైన ఒక్క తల కూడా కనిపించకూడదు. పల్లవి మొదలవగానే చేతులు పైకెత్తి ఒక్కసారి లేవాలి. నీళ్ళలోకి పాట వినపడదు కాబట్టి, లేవాల్సిన క్షణానికి విజిల్ మేడమ్ స్టీలు గరిటెతో నిచ్చెన కమ్మీ మీద టంగుమని కొడుతుంది. ఆ చప్పుడు మాత్రం నీళ్ళడుగున కూడా చెవి పక్కనే కొట్టినట్టు వినిపిస్తుంది.

అత్తగారు తల ముంచలేరు. చిన్నప్పుడు వాళ్ళ అన్నయ్య సరదాకి ఆవిడ తల నీళ్ళ బకెట్లో అదిమిపెట్టాడట. ఆనాటి నుంచి మొహం మీద నీళ్ళు పడితే ఊపిరాడనట్టు అయిపోతారు. తలంటు పోసుకున్నా మొహం ఆకాశం వైపు పెట్టి, చెంబుతో వెనక నుంచి పోసుకుంటారు. షవర్ కిందికి వెళ్ళాలంటే గొడుగు అడిగే రకం.

మొదట్లో పాత రికార్డింగుతోనే సాధన చేశాం. దాంట్లో ఆగేది చిటికెడుసేపే కదా. చాలా రోజులు తంటాలుపడి, ఒకనాడు అత్తగారు నా చెయ్యి విరిగేలా పట్టుకుని బుడుంగున మునిగి లేచారు. మునిగారనడం కన్నా నుదురు తడుపుకున్నారనడం న్యాయం. అయినా పైకొచ్చి, మొహం తుడుచుకోవడం కూడా మర్చిపోయి, "చూశావా? చూశారా అందరూ?" అని అరిచారు. బస్సు డ్రైవరావిడ అక్కడికక్కడే ఆవిడని కావలించుకుంది.

సరిగ్గా ఆ సమయంలో నేను నోరు విప్పాను. మా నాట్యానికి పాతది హడావుడిగా ఉంది, కొత్తదైతే నిదానంగా, అందంగా ఉంటుంది, ఆ పెద్ద మౌనంలో కొలనంతా ఖాళీగా కనిపిస్తే చూసేవాళ్ళ గుండె ఆగుతుంది అని ఒక ఉపన్యాసం ఇచ్చాను. విజిల్ మేడమ్ అందరినీ చేతులెత్తమని, తనూ ఒక చెయ్యి ఎత్తింది. ఒక్క చెయ్యి తేడాతో కొత్తదే గెలిచింది. నేను గెలిచిన సంబరంలో అత్తగారి మొహం చూడలేదు.

తర్వాతి సాధనలో చూశాను. ఆ మౌనమంతా నీళ్ళలో ఉండటం ఆవిడ వల్ల కాలేదు. మునగడం, గభాలున లేచి దగ్గడం, మళ్ళీ ప్రయత్నించడం. ఖాళీగా కనిపించాల్సిన కొలను మధ్యలో పసుపుపచ్చ టోపీ ఒకటి తేలుతూ, దగ్గుతూ ఉండేది. చివరికి విజిల్ మేడమ్ మెల్లగా, "పెద్దమ్మగారూ, ఆ చివరి ముక్కకి మీరు గట్టు మీదికొచ్చి గరిటె కొడతారా? అదీ ముఖ్యమైన పనే," అంది.

అత్తగారు గరిటె అందుకుని తలూపారు. ఇంటికొచ్చాక దాన్ని వంటింటి సొరుగులోకి విసిరారు.

"ఇల్లంతా గరిటెలే. ఇక్కడ తిప్పేది చాలక అక్కడ కూడానా?" అన్నారు. ఆ తర్వాత నా వైపు చూడకుండా, "ఒక్కసారి అందరితో పాటు మునిగి, అందరితో పాటు లేవాలని ఉందే. మా అన్నయ్య ముంచితే మునిగాను కానీ, నా అంతట నేను మునిగింది లేదు," అన్నారు.

 ఒక పాట మీద పంతం కోసం ఈ మనిషిని గట్టెక్కించి కూర్చోబెట్టానా అనిపించింది. అలాగని ఆవిడ దగ్గరకెళ్ళి, మీ కోసం మళ్ళీ పాతదే పెట్టిస్తానంటే ఒప్పుకునే మనిషి కాదు. "నా కోసం ఐదుగురూ మారాలా? నేనేమైనా చంటిపిల్లనా?" అంటారు. అందుకని చెప్పకుండా చేయాలనుకున్నాను.

అత్తగారు రాని పూట మిగతా నలుగురినీ, విజిల్ మేడమ్‌నీ బట్టలు మార్చుకునే గదిలో కూర్చోబెట్టి విషయం చెప్పాను. ఎవరూ కాదనలేదు. పాతది మాకు ఎలాగూ వచ్చు. అత్తగారికైతే నిద్రలో లేపి అడిగినా వచ్చు. కార్యక్రమం రోజున పాతది మోగగానే ఆవిడ మొహం ఎలా వెలిగిపోతుందో ఊహించుకుంటూ ఒకరినొకరు గిల్లుకున్నాం. "ఎవరి నోటా ఈ మాట బయటికి పొక్కకూడదు," అని విజిల్ మేడమ్ ఈల ఊదినంత గట్టిగా చెప్పింది.

పాట పెట్టే బాధ్యత మా ఆయనది. అందుకని ఆయనకి చెప్పక తప్పలేదు.

"కొత్తది కాదు, పాతది పెట్టండి. మీ అమ్మకి తెలియకూడదు. మాటివ్వండి."

ఆయన టీ తాగుతున్నవాడు ఉన్నట్టుండి పొలమారి, కళ్ళలో నీళ్ళొచ్చేలా దగ్గాడు. తర్వాత నా వైపు అదోలా చూశాడు. "ఇస్తున్నాను," అన్నాడు. నా తెలివికి అబ్బురపడ్డాడనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో చిత్రం జరుగుతుండేది. బట్టలు నానబెట్టే నా నీలం టబ్బు ఉండాల్సిన చోట ఉండేది కాదు. నేను పని నుంచి వచ్చేసరికి అత్తగారి బాత్రూములో స్టూలు మీద కనిపించేది. ఏమిటని అడిగితే, "కాళ్ళు పెట్టుకుంటున్నాను, వేడినీళ్ళలో," అనేవారు. స్టూలు మీదున్న టబ్బులో కాళ్ళు ఎలా పెట్టుకుంటారో అడగాలని నాకు తట్టనే లేదు. మన బుర్ర అవసరమైనప్పుడు ఎప్పుడు పనిచేసింది కనక.

వార్షికోత్సవం ఆదివారం పొద్దున. కొలను చుట్టూ ఉన్న మెట్ల మీద మొగుళ్ళు, పిల్లలు, అత్తలు, మరదళ్ళు కిక్కిరిసి కూర్చున్నారు. పైకప్పు అద్దాల్లోంచి ఎండ పడి నీళ్ళన్నీ మెరుస్తున్నాయి. క్లోరిన్ వాసనకి తోడు ఎవరో తెచ్చిన బిస్కెట్ల వాసన. స్పీకర్ల పక్కన చిన్న బల్ల వేసుకుని మా ఆయన కూర్చున్నాడు. పరీక్ష రాయబోయే వాడిలా నుదురంతా చెమట. పాట నొక్కడానికి ఇంత కంగారేమిటో నాకు అర్థం కాలేదు.

బట్టలు మార్చుకునే గదిలో అత్తగారు పసుపుపచ్చ టోపీ లాక్కుని, ముక్కు క్లిప్పు పెట్టుకున్నారు. సంచిలోంచి గరిటె తీసి విజిల్ మేడమ్ చేతిలో పెట్టారు.

"ఇది మీరే కొట్టండి. నేను నీళ్ళలోనే ఉంటాను."

ముక్కు మూసుకుపోయి ఉండటం వల్ల ఆ మాటలు డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చాయి. మేమంతా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆవిడని నీళ్ళలోనే ఉండమని ఎలా ఒప్పించాలా అని రాత్రంతా ఆలోచించిన విజిల్ మేడమ్ పని తేలికైపోయింది. "తప్పకుండా పెద్దమ్మగారూ," అని మహా సంతోషంగా గరిటె తీసుకుంది.

దిగాం. పాట మొదలైంది. గిటారు!

అత్తగారు చప్పున తలెత్తి స్పీకరు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. నేను చంకలు గుద్దుకోవడం ఒక్కటే తక్కువ. కానీ నేను అనుకున్నంతగా ఆ మొహం వెలగలేదు, ఏదో ఇరకాటంలో పడ్డట్టు కనుబొమలు ముడిపడ్డాయి. ఆలోచించడానికి వ్యవధి లేదు. వయొలిన్లు వచ్చేశాయి, మేము గుండ్రంగా తిరుగుతున్నాం, కాళ్ళు పువ్వులా విప్పాం, మెట్ల మీంచి ఈలలు. 'త్వరగా వచ్చేయ్' అని ఆ పిల్ల ఒకసారి పాడింది, ఇంకా పైకెళ్ళి రెండోసారి పాడింది. అందరం నిలబడి చేతులు పట్టుకున్నాం. అత్తగారి చోటు నిచ్చెన పక్కనే. సంగీతం ఆగింది. మునిగాం.

చిటికెడుసేపు. ఇక గరిటె చప్పుడు రావాలి. రాలేదు.

ఇంకాస్త ఆగాను. రాలేదు. చిటికెడుసేపటికి సరిపడా ఊపిరే పీల్చుకుని ఉన్నాను. బస్సు డ్రైవరావిడ ముందు లేచింది, తర్వాత మందుల షాపావిడ, ఆ తర్వాత నేను, అక్కచెల్లెళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ. తలోసారి, తలో పక్కకి, రొప్పుతూ పైకొచ్చాం. చూస్తే విజిల్ మేడమ్ గరిటె గాల్లోకి ఎత్తి పట్టుకుని బిక్కమొహం వేసుకుని ఉంది. డ్రమ్ము వినిపిస్తే కదా కొట్టడానికి! స్పీకర్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి. పాట ఆగిపోయిందనుకున్నాను. మా ఆయన్ని అక్కడే నమిలి మింగేద్దామన్నంత కోపం వచ్చింది.

అప్పుడు లెక్క చూసుకున్నాను. ఐదు టోపీలే ఉన్నాయి. పసుపుపచ్చది లేదు.

 నాట్యం లేదు, జనం లేదు, ఏమీ లేదు, గబుక్కున మళ్ళీ మునిగాను. నీళ్ళడుగున అత్తగారు నిచ్చెన కింది మెట్టు రెండు చేతులా పట్టుకుని గొంతుక్కూర్చున్నట్టు ఉన్నారు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. బుగ్గలు పూరీల్లా పొంగి ఉన్నాయి. బుడగలు ఒకటొకటిగా వదులుతున్నారు, ఎక్కడా తొందర లేదు. నేను భుజం పట్టుకుని లాగబోయాను. కళ్ళు తెరవకుండానే నా చేతి మీద ఒక్కటి వేశారు. నీళ్ళలో కూడా చుర్రుమంది.

నేను దెబ్బ తిని పైకి తేలాను. మెట్ల మీద చిన్నపిల్లలు కూడా మాట్లాడటం లేదు. అంతమంది ఉన్నా నీళ్ళు గట్టుకి తగిలే చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు స్పీకర్లలోంచి ఒక ఊపిరి వినిపించింది.

ఆ ఊపిరి నాకు తెలుసు. నా ఊపిరికన్నా బాగా తెలుసు.

అది పూర్తవుతుండగా పసుపుపచ్చ టోపీ నీళ్ళని చీల్చుకుని పైకొచ్చింది. ఆ వెనకే రెండు చేతులు, ఆకాశాన్ని అందుకోబోతున్నట్టు. ఏ వాద్యమూ లేకుండా ఆ అరిగిన గొంతు 'తలుపు తీసే ఉంది' అంటున్న క్షణానికి సరిగ్గా అత్తగారు నిలువునా నిలబడి ఉన్నారు. మొహమంతా నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. కళ్ళు తెరిచి, చేతులు దించకుండా, అలాగే నిలబడ్డారు.

ఒక్కసారిగా మెట్లన్నీ లేచి నిలబడ్డాయి. చప్పట్లకి పైకప్పు అద్దాలు అదిరాయి. మేం ఐదుగురం ఒకరి తర్వాత ఒకరు చిందరవందరగా పైకి రావడం, చివరికి పెద్దావిడ ఒక్కరే లేవడం కూడా ముందే అనుకుని చేశామనుకున్నారు అందరూ. విజిల్ మేడమ్ కూడా ఎవరో అడిగితే అలాగే చెప్పింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. వెళ్ళి ఆవిడని గట్టిగా వాటేసుకున్నాను.

"భయపెట్టేశారు కదత్తయ్యా! అంతసేపు ఎలా ఉన్నారు?"

"ఏముంది," అన్నారు ముక్కు క్లిప్పు తీస్తూ. "మునగగానే మనసులో పొయ్యి వెలిగించి పాలు పెట్టాను. పాల గిన్నె ముందు నిలబడితే నాకు ఇంకేదీ గుర్తుండదు. పొంగు వచ్చేముందు లేచాను."

"అంత త్వరగా ఏ పాలు పొంగుతాయి?"

"చిన్న గిన్నెలే అమ్మాయ్."

మా ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని, రెండు తువ్వాళ్ళు రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. ముందు ఎవరికి ఇవ్వాలో తెలియక అలాగే ఉండిపోయాడు. నేను నోరు తెరిచేలోపే చెప్పేశాడు. నేను ల్యాబుకి వెళ్ళాక అత్తగారు రోజూ కొత్త పాట పెట్టుకుని, నా నీలం టబ్బులో మొహం ముంచి, ఆ మౌనమంతా ఓర్చుకోవడం నేర్చుకున్నారట. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ఈయన, టబ్బులో తల పెట్టి ఉన్న అమ్మని చూసి కెవ్వుమన్నాడట. కోడలికి చెప్పొద్దని ఆవిడ మాట తీసుకున్నారు. ఆ తర్వాత వారానికే, అమ్మకి చెప్పొద్దని నేను మాట తీసుకున్నాను.

"ఇద్దరికీ మాటిచ్చి చచ్చాను," అన్నాడు. "ఏది పెట్టినా ఒకరికి అన్యాయం. అందుకని రెండూ కలిపేశాను. మౌనం దాకా పాతది, మౌనం నుంచి కొత్తది. అతుకు మౌనంలో పడింది కాబట్టి తెలియదులే అనుకున్నాను. మీరంతా ముందే లేస్తారని నాకు తట్టలేదు."

"ఒక్క ముక్క చెప్పి ఏడవచ్చు కదా!" అన్నాను.

"చెప్పొద్దన్నది మీరిద్దరే కదా!"

 అత్తగారు మా మాటలు వినడం లేదు. స్పీకరు వైపే చూస్తున్నారు. పాట అయిపోయి చాలాసేపయింది.

"నేను నీళ్ళలోకి వెళ్ళేటప్పుడు చిన్నపిల్ల పాడుతోందే," అన్నారు నెమ్మదిగా. "లేచేసరికి అది పెద్దదైపోయింది. అదే పిల్ల. నేను లోపల ఉన్న కాసేపట్లో." టోపీ సర్దుకుంటూ, "జలుబేం లేదు దానికి. నేనే ఊరికే అన్నాను," అన్నారు.

నేనూ ఊరుకోలేకపోయాను. "ఆ చిన్నపిల్ల ఆ లైను రెండోసారి పైకెళ్ళి పాడినప్పుడు నాకు ఏడుపొచ్చిందత్తయ్యా. ఇన్నాళ్ళూ ఎందుకో సరిగ్గా వినలేదు," అన్నాను. మేమిద్దరం ఒకరి మాటకి ఒకరం ఒప్పుకోవడం అదే మొదలు. మా ఆయన ఆ దృశ్యం చూసి గట్టు మీద చతికిలబడ్డాడు.

మెట్ల మీంచి "మళ్ళీ! మళ్ళీ!" అని కేకలు మొదలయ్యాయి. విజిల్ మేడమ్ మా వైపు చూసింది. ఎవరూ ఏమీ అనకముందే అత్తగారు ముక్కు క్లిప్పు పెట్టేసుకున్నారు.

"పెట్టరా నాన్నా, ఇందాకటిదే పెట్టు," అన్నారు డబ్బాలోంచి వచ్చే ఆ గొంతుతో. "మేడమ్, ఆ గరిటె అవతల పారేయండి. మీరంతా నన్ను చూసి లేవండి."

గిటారు వచ్చింది, వయొలిన్లు వచ్చాయి, పిల్ల పరుగెత్తుతూ పాడింది. చేతులు పట్టుకున్నాం. సంగీతం ఆగింది. ఆరుగురం కలిసి మునిగాం. నేను కూడా మనసులో ఒక చిన్న గిన్నె పొయ్యి మీద పెట్టాను. వంట విషయంలో నాకు ఓపిక తక్కువ, కాసేపటికే నా పాలు పొంగబోయినట్టనిపించింది. లేవబోతూ పక్కకి చూశాను.

ఈసారి అత్తగారి కళ్ళు తెరిచే ఉన్నాయి. బుగ్గలు పొంగించుకుని, మెరిసే నీళ్ళలోంచి నన్నే చూస్తున్నారు. ఇంకా కాలేదు, ఆగు అన్నట్టు చూపుడువేలు ఊపారు.